పీల్, మైక్రోనీడ్లింగ్, లేజర్ తర్వాత ముఖం మండుతుంటే ఏం రాయాలి, ఏం రాయకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గ్లైకాలిక్ పీల్ (యాసిడ్ రాసి చర్మం పైపొర ఊడేలా చేసే చికిత్స) చేయించుకుని 3 రోజులైంది. ముఖం బిగుసుకుపోయినట్టుంది, మూతి చుట్టూ పొట్టు లేస్తోంది, రోజూ వాడే మాయిశ్చరైజర్ రాసినా చురుక్కుమంటోంది. పొట్టు పోవడానికి స్క్రబ్ చేయొచ్చా, విటమిన్ సి సీరం మళ్లీ మొదలుపెట్టొచ్చా, ఐస్ పెట్టొచ్చా అని అడిగారు. వచ్చే నెల ఫ్రాక్షనల్ లేజర్ (చర్మాన్ని చిన్న చిన్న చుక్కలుగా తాకే లేజర్) కూడా చేయించుకోబోతున్నారు కాబట్టి అప్పటి జాగ్రత్తలూ చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు. స్క్రబ్ వద్దు. సీరం ఇప్పుడే వద్దు. ఐస్ నేరుగా ముఖానికి తగలనివ్వద్దు, చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ అయితే ఒక పది నిమిషాలు వేసుకోవచ్చు. ఈ వారం మీ ముఖానికి కావలసినవి మూడే: నురగ ఎక్కువగా రాని, సువాసన కలపని క్లెన్సర్, సువాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్, పగటిపూట సన్‌స్క్రీన్. మాయిశ్చరైజర్ కూడా మండుతుంటే దాన్ని పక్కన పెట్టి, మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. మీరు చెప్పిన లక్షణాలు పీల్ తర్వాత మూడో రోజు చాలామందిలో కనిపించేవే. టెన్షన్ పడకండి.

నేను డాక్టర్‌ని కాదు. చర్మవైద్యుల దగ్గర ప్రొసీజర్ గదిలో నర్సుగా 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పీల్స్, లేజర్లు చేసేది డాక్టర్లు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి "ముఖం ఎలా ఉందండీ" అని అడిగేది నేను. ఇన్నేళ్ల ఆ ఫోన్లలో నాకు బాగా అర్థమైనది ఒకటుంది. ప్రొసీజర్ తర్వాత ముఖం పాడైందని వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకటి అతిగా రాసినవాళ్లే, అతిగా తడిమినవాళ్లే. ఏమీ చేయకుండా వదిలేసి ఇబ్బంది పడ్డవాళ్లు తక్కువ.

అసలు నిన్నటిదాకా హాయిగా ఉన్న క్రీమ్ ఇవాళ ఎందుకు మండుతోంది? మన చర్మం పైపొరలో చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య సందుల్ని కొవ్వు పదార్థాలు పూడుస్తాయి. లోపలి తడి బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా కాపాడేది ఆ పొరే. గ్లైకాలిక్ యాసిడ్ చేసే పనే ఆ కణాల మధ్య పట్టును సడలించడం. పట్టు సడలాక లోపలి నీరు త్వరగా ఆవిరైపోతుంది, అందుకే ముఖం లాగినట్టుంటుంది. క్రీములో ఉన్న సువాసనలు, ప్రిజర్వేటివ్‌లు మామూలుగా కంటే లోతుకు దిగుతాయి, అందుకే మంట. అంటే మీ క్రీమ్ చెడిపోయిందనీ కాదు, మీకు కొత్తగా అలర్జీ వచ్చిందనీ కాదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనొక కొండగుర్తు చెబుతుంటాను. రాసిన వెంటనే కాస్త చురుక్కుమని ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటే ఫర్వాలేదు. ఐదు నిమిషాలు దాటినా మండుతూనే ఉంటే కడిగేయండి, మళ్లీ ఆ వారంలో దాన్ని ముట్టుకోకండి. "పని చేస్తోంది కాబట్టే మండుతోంది" అనుకుని ఓర్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. ప్రొసీజర్ అయిన చర్మం మీద మంట అంటే అది వద్దు అంటున్నట్టే లెక్క.

కడగడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. నీళ్లు గోరువెచ్చగా కూడా వద్దు, చల్లగా లేదా గది వేడిలో ఉంటే చాలు. చేతులు ముందు సబ్బుతో కడుక్కోండి. క్లెన్సర్ వేళ్ల కొసలతో అద్దినట్టు రాసి, అర నిమిషంలో కడిగేయండి. అరచేత్తో రుద్దడం, ముఖం కడిగే బ్రష్‌లు, స్పాంజ్‌లు, వైప్స్ ఏవీ వద్దు. ఉతికిన మెత్తటి టవల్ ముఖానికి వేరుగా పెట్టుకోండి, తుడవకుండా అద్దండి. పూర్తిగా ఆరేదాకా ఆగకండి. కాస్త తడి ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాసేయండి. రోజుకి రెండుసార్లు కడిగితే చాలు. మధ్యలో లాగినట్టు అనిపిస్తే కడగకుండానే పైపైన ఇంకో పల్చటి పూత వేయండి. దిండు గలీబు రెండు రోజులకోసారి మార్చండి. తలకి పెట్టుకునే నూనె, సీరం దిండు మీదుగా ముఖానికి అంటుకుని మంట పుట్టించిన సందర్భాలు నాకు తెలుసు.

మాయిశ్చరైజర్ ఎంచుకునేటప్పుడు పేరు చూడకుండా డబ్బా వెనక చదవండి. గ్లిజరిన్, సెరమైడ్లు, పాంథెనాల్, డైమెథికోన్, పెట్రోలేటం (పెట్రోలియం జెల్లీయే) లాంటివి ఉంటే మంచిదే. ఫ్రేగ్రన్స్, ఎసెన్షియల్ ఆయిల్స్, మెంథాల్, ఆల్కహాల్ డీనాట్ అని ఉంటే ఇప్పటికి పక్కన పెట్టండి. నియాసినమైడ్ మంచిదే అయినా కొందరికి ఈ దశలో మండుతుంది, ఎర్రబడుతుంది. వారం ఆగి మొదలుపెట్టుకోవచ్చు. అలోవెరా జెల్ గురించి చాలామంది అడుగుతారు. డబ్బాల్లో వచ్చే జెల్స్‌లో సువాసన, రంగు, ఆల్కహాల్ కలిసి ఉండటం మామూలు. చెట్టు నుంచి కోసిన మట్టలో పసుపుపచ్చటి జిగురు పాలు ఉంటాయి, అవి మామూలు చర్మాన్నే మండిస్తాయి. పైగా అది శుభ్రమైనదీ కాదు. ముఖం మానాక మీ ఇష్టం, ఈ వారం మాత్రం వద్దు.

"పుండును గాలికి ఆరనిస్తేనే మానుతుంది" అనే నమ్మకం చాలా గట్టిది. లేజర్ తర్వాత ఆయింట్‌మెంట్ రాయమంటే "జిడ్డుగా ఉంది, ఊపిరాడట్లేదు, ఆరనిచ్చాను" అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటి మీద పాలిథీన్ పొర కప్పి చూశాడు. తడి పోకుండా కప్పిన చోట కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం నుంచే గాయాల సంరక్షణ మారిపోయింది. కొత్త కణాలు అంచుల నుంచి, వెంట్రుకల కుదుళ్ల నుంచి పాకుతూ వచ్చి గాయాన్ని మూస్తాయి. తడిగా ఉంటే పైనే సాఫీగా పాకుతాయి. ఆరి పెచ్చు కడితే దాని కింద దారి చేసుకుంటూ రావాలి, ఆలస్యమవుతుంది. పెచ్చు గోకితే మచ్చ పడే అవకాశం కూడా పెరుగుతుంది.

ఇంకో నమ్మకం, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తే ఇంకా మంచిదని. 1996లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో చిన్న చర్మ శస్త్రచికిత్సలు అయిన 922 మందికి, కొందరికి బాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, కొందరికి మామూలు తెల్ల పెట్రోలేటం రాయించారు. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు, అలర్జీ మాత్రం బాసిట్రాసిన్ రాసుకున్న వాళ్లలోనే వచ్చింది. నియోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే అలర్జీలకు ఇంకా పేరుమోసింది. 2010లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి అలర్జెన్‌గా (అలర్జీ కారకంగా) ప్రకటించింది కూడా.

ఇది కాగితం మీద చదివితే చిన్న విషయంలా ఉంటుంది. మా దగ్గర సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ చేయించుకున్న ఒకామెకి నాలుగు రోజుల దాకా అంతా బాగుంది. ఇంకా తొందరగా మానుతుందని ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ తనంతట తనే రాసుకుంది. ఆరో రోజుకి ముఖమంతా దురద, వాపు, ఎర్రటి దద్దుర్లు. దురద పెరిగేకొద్దీ ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకా మందంగా రాసింది. డాక్టర్ చూసి ఆయింట్‌మెంట్ మాన్పించి, వేరే మందులిచ్చారు. దద్దుర్లు రెండు వారాల్లో తగ్గాయి కానీ దాని తాలూకు నలుపు పోవడానికి నెలలు పట్టింది. లేజర్ వల్ల రాని మచ్చలు రాసుకున్న మందు వల్ల వచ్చాయి. ఆమె ఏడుస్తూ కూర్చున్న రోజు నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి మర్నాటి ఫోన్‌లో నేనడిగే రెండో ప్రశ్న "ఏమేం రాస్తున్నారో ఒక్కొక్కటీ చదివి వినిపించండి" అని. డాక్టర్ ప్రత్యేకంగా యాంటీబయాటిక్ రాసిస్తే అది వేరు, తప్పక వాడండి. సొంతంగా మాత్రం వద్దు.

పొట్టు సంగతి. మూతి చుట్టూ ముందు లేస్తుంది, ఎందుకంటే మాట్లాడుతూ, నములుతూ అక్కడే ఎక్కువ కదిలిస్తాం. గ్లైకాలిక్, సాలిసిలిక్, మాండెలిక్ లాంటి పైపై పీల్స్‌లో రెండు మూడు రోజులకు మొదలై వారంలోపు సర్దుకుంటుంది. టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) లాంటి మధ్యస్థ లోతు పీల్ అయితే వారం నుంచి రెండు వారాలు. కొందరికి అసలు పొట్టే లేవదు, అలాగని పీల్ పనిచేయలేదని కాదు. లేచిన పొట్టును లాగకండి. అంచున ఊడినట్టు కనిపించేది లోపల ఇంకా పట్టుకునే ఉంటుంది. దాన్ని లాగితే కింద పచ్చి చర్మం బయటపడుతుంది. ఒకబ్బాయి గడ్డం పక్కన లేచిన చిన్న పొరని అద్దం ముందు నిలబడి లాగేశాడు. గోరంత చోటు. అక్కడ మిగిలిన గోధుమరంగు మచ్చ ఐదు నెలలుంది, మిగతా ముఖమంతా మెరుస్తుండగా. పొర వేలాడుతూ మరీ ఇబ్బందిగా ఉంటే, శుభ్రం చేసిన చిన్న కత్తెరతో వేలాడే ముక్క వరకే కత్తిరించండి. షేవింగ్, థ్రెడింగ్, వాక్సింగ్, బ్లీచ్ ఏవైనా సరే, పొట్టు పూర్తిగా పోయాకే.

ఇప్పుడు సన్‌స్క్రీన్. నా దృష్టిలో ఈ జవాబు మొత్తంలో ఎక్కువ బరువున్నది ఇదే. చర్మం ఎండకు కమిలే తీరునిబట్టి థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే వైద్యుడు 1975లో ఒక వర్గీకరణ మొదలుపెట్టారు, ఇప్పుడు ఒకటి నుంచి ఆరు రకాలుగా వాడతాం. నాలుగు నుంచి ఆరు రకాల వాళ్లకి, అంటే చామనఛాయ నుంచి నల్లటి చర్మం దాకా, ఎక్కడ మంట పుట్టినా అక్కడ నల్లమచ్చ మిగిలే గుణం ఎక్కువ. ఈ మచ్చలు వెంటనే కనిపించవు. ఎర్రదనం తగ్గి, "హమ్మయ్య, అయిపోయింది" అనుకుని సన్‌స్క్రీన్ మానేసిన రెండు మూడు వారాలకు మెల్లగా పైకి తేలతాయి. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది, "పీల్ పడలేదండీ" అని. చాలాసార్లు పీల్ పడింది, ఆ తర్వాతి నెల ఎండే సరిపడలేదు.

కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్నది, యూవీఏ అనే అతినీలలోహిత కిరణాల నుంచి కూడా రక్షణ ఇచ్చేది తీసుకోండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి ఈ దశలో తక్కువ మండుతాయి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండితే వచ్చినంత ముఖానికీ మెడకీ కావాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్నా రాయండి, మామూలు అద్దం ఆ కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏని అంతగా ఆపదు. మచ్చలు పడే గుణం ఉన్నవాళ్లకి నేను టింటెడ్ సన్‌స్క్రీన్ చెబుతాను. దానికి రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురుని కూడా కొంత అడ్డుకుంటుంది, నల్లటి చర్మాన్ని ఆ వెలుతురు కూడా నలుపెక్కిస్తుంది. ఒక్క జాగ్రత్త. తడి ఊరుతున్న పచ్చి చర్మం మీద సన్‌స్క్రీన్ రాయకూడదు. అది మూసుకునేదాకా ఇంట్లో ఉండటం, బయటికి తప్పకపోతే టోపీ, గొడుగు. మీది పైపై పీల్, పచ్చిగా ఎక్కడా లేదు కాబట్టి ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఎర్రదనం తొందరగా పోవాలని స్టిరాయిడ్ క్రీమ్ రాసుకునేవాళ్లున్నారు. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గుతుంది, అందుకే మానలేరు. వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి, మానేసిన ప్రతిసారీ రెట్టింపుగా ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి. తెల్లబరిచే ట్రిపుల్ కాంబినేషన్ క్రీముల్లో కూడా స్టిరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిసి ఉంటాయి. పీల్ అయిన ముఖానికి సొంతంగా అది రాయడం అస్సలు మంచిది కాదు. డాక్టర్ "మూడు రోజులు రాయండి" అని ఇస్తే మూడు రోజులే, నాలుగో రోజు కాదు.

సీరం, రెటినాల్ (విటమిన్ ఎ రకం), యాసిడ్లు ఎప్పుడు మొదలుపెట్టాలి? రోజులు లెక్కపెట్టడం కన్నా చర్మాన్ని చూసి నిర్ణయించండి. పొట్టు పూర్తిగా ఆగాలి, మామూలు నీళ్లతో కడిగినా, మాయిశ్చరైజర్ రాసినా చురుకు ఉండకూడదు. అలా వరసగా మూడు రోజులు గడిచాక ఒక్కటి మొదలుపెట్టండి. మీ పీల్‌కైతే మామూలుగా 7 నుంచి 10 రోజులు. ముందు విటమిన్ సి, దానికి ఇబ్బంది లేకపోతే ఇంకో వారానికి రెటినాల్, అది కూడా రోజు విడిచి రోజు. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే, మండినప్పుడు ఏది కారణమో తెలియదు.

మైక్రోనీడ్లింగ్, అంటే సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స, మీరు అడగలేదు కానీ పీల్, లేజర్ చేయించుకునేవాళ్లు దాని వైపు కూడా వెళ్తారు కాబట్టి ఒక మాట. సూదులు చేసిన సన్నటి రంధ్రాలు చాలావరకు ఒక రోజులో మూసుకుంటాయి. ఆ రోజు ముఖం మీద ఏం రాస్తే అది లోపలికి వెళుతుంది. పైన రాసుకోవడానికి చేసిన సీరం లోపలికి ఎక్కించడానికి పనికిరాదు. 2014లో జామా డెర్మటాలజీ పత్రికలో ముగ్గురు మహిళల కేసులు వచ్చాయి. మైక్రోనీడ్లింగ్‌తో పాటు వాడిన సీరంలకు అలర్జీ వచ్చి ముఖం మీద గట్టి బుడిపెలు లేచాయి. అందుకే మొదటి 24 గంటలు మేకప్ వద్దు, ఇంట్లో సీరంలు వద్దు, చెమట పట్టే వ్యాయామం వద్దు. క్లినిక్‌లో చెప్పిన ఒక్క క్రీమ్ చాలు. ఎర్రదనం ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతుంది.

ఇక మీ లేజర్. ముందు డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: అది అబ్లేటివా (పైపొరను చిట్లించేది), నాన్ అబ్లేటివా (చిట్లించనిది)? రెండూ ఫ్రాక్షనల్ అనే పిలుస్తారు కానీ తర్వాతి రోజులు పూర్తిగా వేరు.

నాన్ అబ్లేటివ్ అయితే పైపొర చిట్లదు. రెండు మూడు రోజులు ఎర్రగా, వాపుగా ఉంటుంది. వాపు మర్నాడు పొద్దున, ముఖ్యంగా కళ్ల చుట్టూ ఎక్కువగా కనిపించి భయపెడుతుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. తర్వాత ముఖం కాస్త రాగిరంగులో, తాకితే గరుకుకాగితంలా ఉంటుంది. అది లోపల చచ్చిన కణాలు చిన్న చిన్న చుక్కలుగా బయటికి రావడం. వారంలో రాలిపోతుంది. గోకి తీయకండి.

అబ్లేటివ్ అయితే, అంటే సీఓటూ లేదా ఎర్బియం యాగ్ లేజర్ అయితే, నిజంగానే చిన్న చిన్న గాయాలు పడతాయి. ఒకటి రెండు రోజులు తడి ఊరుతుంది, చుక్కల్లా పెచ్చులు కడతాయి, ఫ్రాక్షనల్ అయితే వారం లోపు చర్మం మూసుకుంటుంది, గులాబీరంగు వారాల పాటు ఉండొచ్చు. ఈ రోజుల్లో డాక్టర్ చెప్పిన ఆయింట్‌మెంట్ ఎప్పుడూ ఆరిపోకుండా పల్చగా రాస్తూ ఉండాలి. చర్మం మూసుకున్నాక మాత్రం ఆయింట్‌మెంట్ ఆపి మాయిశ్చరైజర్‌కి మారండి. అలవాటుగా రెండు వారాలు రాసుకుంటే మొటిమలు, తెల్లటి చిన్న గింజల్లాంటివి లేస్తాయి.

ఎప్పుడైనా పెదవి దగ్గర జ్వరపు పొక్కులు వచ్చి ఉంటే, చిన్నప్పుడైనా సరే, లేజర్‌కి ముందే చెప్పండి. అవి హెర్పిస్ వైరస్ వల్ల వస్తాయి, ఆ వైరస్ ఒంట్లోనే నిద్రపోతూ ఉంటుంది, లేజర్ దాన్ని లేపగలదు. ముందే చెబితే యాంటీవైరల్ మాత్రలు ఇస్తారు. ఒక పెద్దావిడ ఈ విషయం మర్చిపోయారు. నాలుగో రోజు పెదవి పక్కన మంట, గుంపుగా చిన్న నీటిపొక్కులు అని ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నాం. అదే రోజు మాత్రలు పడ్డాయి కాబట్టి మచ్చ లేకుండా మానింది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా, ఈ మధ్యే ఆపినా అది కూడా చెప్పండి. రెటినాల్ ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి రాసుకోండి. ఎండకి కమిలి ఉంటే లేజర్ వాయిదా వేయించుకోవడమే మంచిది. ఈ పీల్ తాలూకు ఎర్రదనం, చురుకు అప్పటికి పూర్తిగా పోకపోయినా అంతే.

అదే రోజు ఫిల్లర్ (ముఖం నిండుగా కనిపించడానికి ఇచ్చే ఇంజెక్షన్) కూడా వేయించుకుంటే ఒక్క హెచ్చరిక. వేసిన చోటా దాని చుట్టూ చర్మం పాలిపోవడం, వలలాగా నీలంగా మారడం, భరించలేని నొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా ఉదయం దాకా ఆగకూడదు. రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఆ నిమిషమే డాక్టర్‌కి ఫోన్, అందకపోతే ఆసుపత్రి ఎమర్జెన్సీకి.

మిగతా ప్రొసీజర్లలో నేను చూసే లెక్క చాలా మామూలుది: నిన్నటికన్నా ఇవాళ తగ్గిందా? మొదటి రెండు రోజులు వాపు, మంట పెరిగినా మూడో రోజు నుంచి ప్రతిరోజూ కొంచెం తగ్గుతూ ఉండాలి. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగితే, పసుపుపచ్చ పెచ్చులు కట్టినా, చీము, జ్వరం వచ్చినా, గుంపుగా నీటిపొక్కులు లేచినా, దురదతో చిన్న చిన్న చీముగుల్లలు వచ్చినా క్లినిక్‌కి వెళ్లండి. రోజూ పొద్దున ఒకే చోట, కిటికీ వెలుతురులో, మూడు వైపుల నుంచి ఫోటో తీసి పెట్టుకోండి. అద్దంలో రోజూ చూసుకుంటే తేడా తెలియదు, ఫోటోల్లో తెలుస్తుంది. ఫోన్‌లో వివరించడం కన్నా డాక్టర్‌కి కూడా అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

మీ విషయంలో ఇవాళ రాత్రి నుంచే పెట్రోలియం జెల్లీ పల్చగా మొదలుపెట్టండి. రెండు రోజుల్లో ఆ చురుకు చాలావరకు తగ్గాలి. అప్పటికీ అలాగే ఉంటే, పీల్ చేసినచోట చూపించుకుని, ఇప్పుడు వాడుతున్న డబ్బాలన్నీ వెంట తీసుకెళ్లండి.